సైకిలుకు ట్యూబ్‌లెస్: గాలి నిలిపేదుందా, మళ్ళ ట్యూబే ఎక్కియ్యాల్నా?

హన్మకొండ 29:
అన్నలూ, ఒక్క ముచ్చట తేల్చుండ్రి. నాది 29 ఇంచుల ఎంటీబీ, అంటే గుట్టల బాటల తొక్కే సైకిలు. పల్లేరుకాయల బాధ పడలేక మూడు నెలల కింద ట్యూబ్‌లెస్ చేయించిన. ముందు చక్రం మంచిగనే ఉన్నది. వెనకదానికి రాత్రి 26 పీఎస్ఐ కొట్టి పెడితే తెల్లారేసరికి 8. సీలెంటు, అంటే టైరుల పోస్తే బొక్కలు పూడ్చే తెల్లటి పాలసోంటి మందు, రెండుసార్లు పోయించిన, ఒక్కోసారి 120 మిల్లీలీటర్లు. బిగించిన షాపాయన ఇంకింత పొయ్యాలె అంటుండు. మా బాపేమో "ట్యూబు తీసేసినంక గాలి నిలుస్తలేదని ఏడుస్తరా ఎవలన్న" అని ఒకటే నవ్వుడు. ఏం జెయ్యాలె?

వడ్డేపల్లి కట్ట:
బాపు చెప్పిందే కరెక్టు తమ్ముడూ. పంక్చరైతే ట్యూబు మార్చడం పది నిమిషాల పని. ధర్మసాగరం అవతల టైరు రిమ్మును వదిలేసిందనుకో, చేతిపంపు ఎంత కొట్టినా మళ్ళీ కూర్చోదు. పైగా మన ఎండలు! ఆ వేడికి సీలెంటు రెండు నెలల్లో ఎండిపోయి మీగడ తరకల్లా టైరుకు అతుక్కుంటుంది. మళ్ళీ పొయ్యి, మళ్ళీ పొయ్యి. సైకిలు తొక్కడానికా, దానికి సేవ చేయడానికా?

పాఖాల దారి:
అన్న తారు రోడ్డు మీద తిరుగుతడు కాబట్టి గట్లనే అంటడు. చెలకల బాటల ఒక్కసారి రమ్మనుండ్రి. పోయినేడు నర్సంపేట దాటినంక ఒక్క పొద్దుల ఐదు పంక్చర్లు. అతుకులు అయిపోయినయి, సొల్యూషన్ ట్యూబు ఎండిపోయి ఉన్నది, నాలుగు కిలోమీటర్లు తోసుకుంట వచ్చిన. ఇప్పుడు ముల్లు దిగితే తెల్లగ చిమ్ముతది, నాలుగు తిప్పులకు ఆగుతది. నాకైతే ట్యూబ్‌లెస్సే.

కాజీపేట తొట్టి:
మీ కొట్లాట తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ గాలి ఎటు పోతుందో చూడండి. మా నాన్నది పంక్చర్ షాపు, నీళ్ళ తొట్టి పక్కనే పెరిగిన.

కారు రిమ్ముకు వాల్వు బొక్క తప్ప ఇంకో బొక్క ఉండదు. సైకిలు రిమ్ముకు స్పోకులకే 28 లేదా 32. 1999లో మావిక్, హచిన్సన్, మిషెలిన్ కంపెనీలు కలిసి తెచ్చిన యూఎస్‌టీ పద్ధతిలో రిమ్ము లోపలి గోడకు ఆ బొక్కలే లేకుండా చేశారు. ఇప్పుడు మనం వాడేవాటిలో ఎక్కువ భాగం ఆ బొక్కలు మూయడానికి రిమ్ము లోపల చుట్టూ అంటించే టేపు మీద బతికే రిమ్ములు. టేపు సరిగ్గా లేకపోతే లీటరు సీలెంటు పోసినా దండగే.

చక్రాన్ని తొట్టిలో ముంచి తిప్పు. టైరు అంచున బుడగలొస్తే అది సీలెంటు పని: బాగా ఊపి, బకెట్టు మీద పడుకోబెట్టి, కాసేపటికి రెండో వైపు తిప్పు. స్పోకు నిప్పిళ్ళ (స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్ల) దగ్గర వస్తే టేపు తప్పు. కానీ బుడగ వచ్చిన చోటే టేపు లేచిందనుకోవద్దు. రిమ్ము లోపల బోలు కదా, గాలి ఒక దగ్గర దూరి ఇంకో దగ్గర బయటపడుతుంది. మొత్తం పీకాల్సిందే.

హన్మకొండ 29:
ముంచిన. ఏడు నిప్పిళ్ళ కాడ బుడగలు. సన్నగ, సోడా లెక్క.

వడ్డేపల్లి కట్ట:
ఇన్ని చేసేకంటే కరెంటు టేపు రెండు చుట్లు చుట్టు. మా వాడొకడు అట్లనే నడుపుతున్నాడు.

కాజీపేట తొట్టి:
ఎండాకాలం రానీ, ఆ జిగురు కారి టేపు పక్కకు జరుగుతుంది. ట్యూబ్‌లెస్ టేపే వెయ్యాలి, అదీ రిమ్ము లోపలి వెడల్పు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువున్నది.

హన్మకొండ 29:
అన్నా, దొరికింది దొంగ! రిమ్ము లోపల 25 మిల్లీమీటర్లు, వాళ్ళేసిన టేపు 21. రెండు అంచులూ తేలే ఉన్నయి. పాత జిగురు స్పిరిటుతో తుడిచి, 28 టేపు గట్టిగ గుంజుకుంట ఏసిన. వాల్వు కాడ కత్తి పెట్టకుండ సూది కాల్చి పొడిచిన. అంచులకు సబ్బునీళ్ళు రాసి, వాల్వు పిన్ను తీసి, ఇత్తడి అడాప్టర్ పెట్టి మూలమీది పంక్చర్ షాపుల కంప్రెషర్ కొట్టించిన. ఠప్, ఠప్ అని రెండు చప్పుళ్ళతోని టైరు అంచులు రిమ్ముల కూసున్నయి, షాపుల పోరడు ఎనుకకు ఉరికిండు. తెల్లారి చూస్తే 26కు 24.

వడ్డేపల్లి కట్ట:
రెండు పాయింట్లు అప్పుడే దిగింది చూశావా! నా ట్యూబు వారానికోసారి కొడితే చాలు. సరే, ఎటన్నా పోయేటప్పుడు ఒక ట్యూబు మాత్రం వెంట పెట్టుకో.

పాఖాల దారి:
గది మాత్రం నిజమే, నేను సుత పెట్టుకుంట. కాకపోతే తమ్మీ, దారిల ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపల చెయ్యి పెట్టి మెల్లగ తడుము. సీలెంటు ఆపిన ముండ్లన్నీ అండ్లనే ఉంటయి, కొత్త ట్యూబు ఎక్కీ ఎక్కంగనే పొడుస్తయి. మొన్న నా టైరుల పద్నాలుగు ఎల్లినయి.