నలుగురు కలిసి వేసే కామిక్ స్ట్రిప్: పాత్ర ముఖం మారకుండా, మాటలు ఇరుక్కోకుండా ఎలా?

గోదారిగీత:
మేం నలుగురం కలిసి వారానికో స్ట్రిప్ వేస్తున్నాం. కథ నాది, బొమ్మలు ఇద్దరివి, రంగులు డాలస్‌లో ఉన్న మా తమ్ముడివి. కథానాయిక తాయారు ఇడ్లీ బండి నడుపుతుంది. ఒక వారం పాతికేళ్ల అమ్మాయిలా, మరో వారం నలభై దాటిన మనిషిలా కనిపిస్తోంది. పైగా డైలాగులు మాటల బెలూన్లలో పట్టడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఇంకుబుడ్డి:
ముందు మోడల్ షీట్ చేయండి. తాయారు ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి ఎలా ఉంటుందో, నవ్వితే, కోపమొస్తే ఎలా ఉంటుందో అన్నీ ఒకే కాగితం మీద ఉండాలి. తల పొడవును కొలతగా తీసుకుని ఆమె ఎత్తు ఎన్ని తలలో కూడా రాసేయండి. మా పాత్రకు ఐదు తలలని ఖాయం చేశాం. కళ్లు తల మధ్యగీత కంటే కిందికి జరిగితే వయసు తగ్గిపోతుంది, మీకు జరుగుతున్నది అదే అనుకుంటా. బండి పలక ఆమె నడుము దాకా వస్తుందని గీసి పెట్టుకుంటే మిగతా పాత్రల ఎత్తులూ దానితోనే కొలవచ్చు.

చుక్కలముగ్గు:
పాత్రను మొత్తం నల్లగా నింపి చూడండి. అప్పుడూ తాయారే అని తెలియాలి. పెద్ద కొప్పు, బొడ్లో దోపిన కొంగు, చేతిలో గరిటె చాలు. రంగులకు హెక్స్ కోడ్లు (కంప్యూటర్‌లో ఒక్కో రంగుకు ఉండే గుర్తు సంఖ్య) ఇవ్వండి. వాట్సాప్ ఫోటో నుంచి రంగు తీసుకుంటే తేడా వస్తుంది.

గోదారిగీత:
చెవి వెనక పెన్సిల్ కూడా ఉంటుందండీ, ఖాతా లెక్కలు దాంతోనే రాస్తుంది. కానీ ఒకరు కుడి చెవికి, ఇంకొకరు ఎడమ చెవికి పెడుతున్నారు.

చుక్కలముగ్గు:
కొప్పులో గుచ్చండి. ఎటు తిరిగినా కనిపిస్తుంది.

పాతఅక్షరం:
ఇక మాటల సంగతి. బొమ్మ పూర్తయ్యాక బెలూన్ పెడితే ఎప్పటికీ చాలదు. తెలుగులో గుడులు పైకి లేస్తాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. ఇంగ్లీషు కామిక్ కోసం చేసిన టెంప్లేట్‌లో వరుసలు ఒకదానికొకటి తగులుకుంటాయి. "చెప్పుకోవాల్సొచ్చింది" అన్న ఒక్క మాటే ఒక వరుస తినేస్తుంది, దాన్ని మధ్యలో విరిచారా చదివేవాడు ఆగిపోతాడు. అందుకే రఫ్‌లోనే డైలాగు అసలు సైజులో రాసి, మిగిలిన చోట బొమ్మ వేయండి. మేం ప్యానెల్‌లో, అంటే స్ట్రిప్‌లోని ఒక్కో గడిలో, పై మూడో వంతు మాటలకే వదిలేస్తాం. బాపు గారి కార్టూన్లు చూడండి, బొమ్మా అక్షరమూ ఒకే చేతివి. చేత్తో రాయలేకపోతే మల్లన్న, గిడుగు, ధూర్జటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పాత ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోతుంటే టైప్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోండి.

వీధిబడి:
ముందు మాట్లాడేవాణ్ని ఎడమ పక్క పెట్టండి. గిరాకీ "రెండిడ్లీ, కారప్పొడి" అంటాడు, తాయారు జవాబిస్తుంది. అంటే అతను ఎడమ, బండి కుడి. తర్వాతి ప్యానెల్లో ఇద్దరి చోట్లూ తారుమారు చేయకండి. తాయారే ముందు మాట్లాడాల్సి వస్తే ఆమె బెలూన్ కాస్త పైకి ఎత్తితే సరిపోతుంది. నాలుగు ప్యానెళ్లూ ఒకే సైజు చదరాలైతే పత్రికకు రెండు వరుసలుగా, ఫోన్‌కు ఒకదాని కింద ఒకటిగా వాడుకోవచ్చు. మూడో ప్యానెల్లో మాటలు లేకుండా వదిలి చూడండి, నాలుగోది ఎంత బాగా పేలుతుందో!

గోదారిగీత:
కొప్పులో పెన్సిల్ మావాళ్లందరికీ నచ్చింది. ఒక్క సందేహం: ఆర్టిస్టులిద్దరూ వారాలు పంచుకోవాలా, ప్యానెళ్లా?

ఇంకుబుడ్డి:
రెండూ వద్దు, పనులు పంచుకోండి. ఒకరు పెన్సిల్ గీతలు వేస్తే ఇంకొకరు వాటి మీద ఇంకుతో దిద్దాలి. ఇంకు ఎప్పుడూ ఒకే చేతిదైతే గీత మందం మారదు, ముఖమూ మారదు.