‘వంత’ అంటే సరిపోతుందా? నలుగురు కలిపి పాడే పాటకు ఓ మాట కావాలి

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక మాట అడగడానికే వచ్చాను గానీ, అది ఎక్కడ అవసరపడిందో ముందు చెప్పాలి. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

పన్నెండేళ్ల కిందట నాన్నగారు ఒహాయోలో మా ఇంటికి వచ్చారు. మా పక్కింటి పెద్దాయన, అప్పటికే డెబ్బై దాటిన మనిషి, ఊళ్లో బార్బర్‌షాప్ పాటల (వాయిద్యాల్లేకుండా నలుగురు నాలుగు గొంతులు కలిపి పాడే పద్ధతి) బృందంలో బేస్, అంటే అడుగు గొంతు, పాడేవాడు. ఓ శనివారం రెండు టికెట్లు తెచ్చి చేతిలో పెట్టి వెళ్లాడు. నాన్నది గుంటూరు జిల్లా. షేక్ నాజర్ బుర్రకథ అంటే తెల్లవార్లూ కూర్చుని విన్న తరం. ఇంగ్లీషు పాట ఏం వింటారులే, గంటలో లేచి వచ్చేద్దాం అనుకుని తీసుకెళ్లాను.

హైస్కూలు ఆడిటోరియం. నలుగురు మగవాళ్లు, చారల వెయిస్ట్‌కోట్లు, గడ్డి టోపీలు. స్టేజి మీద ఒక్క వాయిద్యం లేదు. ఒకాయన జేబులోంచి బిళ్లలాంటి పిచ్ పైప్ తీసి ఒక్క స్వరం ఊది, మళ్లీ జేబులో వేసేసుకున్నాడు. నాన్న నా మోచెయ్యి తట్టి, “అదేంట్రా, శ్రుతి ఆపేశాడు?” అన్నారు. మన కచేరీలో శ్రుతి ఆగితే పాట ఆగినట్టే కదా మరి.

తర్వాత రెండు పాటలు కదలకుండా విన్నారు. మూడో పాటలో మెల్లిగా అడిగారు: “వీళ్లలో కథకుడెవరు? వంతలెవరు?”

నేను చెప్పలేకపోయాను. అందరికంటే పైన పాడుతున్నవాడే అసలు పాటగాడని ఇద్దరమూ అనుకున్నాం. తప్పట. పైన తీగలాగా సన్నగా వినిపించేది టెనర్. అసలు పాట దాని కింద, లీడ్ అనేవాడి గొంతులో ఉంటుంది. అందరికంటే అడుగున బేస్. వీళ్ల ముగ్గురి మధ్య మిగిలిపోయిన స్వరాలు ఏరుకుని పాడేవాడు బారిటోన్. ఇతన్ని ఒక్కణ్ణే పాడమంటే అసలు పాటే కాదన్నట్టుంటుంది. ఎక్కడికి పోతున్నాడో తెలియదు. వాళ్లలో వాళ్లు వేసుకునే జోకులన్నీ ఇతని మీదే.

ఆట అయ్యాక లాబీలో మా పక్కింటాయన ఇంకో ముగ్గురిని పోగేసి, మమ్మల్ని మధ్యలో నిలబెట్టి, చుట్టూ చేరి ఓ ‘ట్యాగ్’ పాడారు. ట్యాగ్ అంటే పాట చివర వచ్చే చిన్న ముక్క. ఒకడు ఒకే స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపూ పట్టుకుని నిలబడతాడు, మిగతా ముగ్గురూ దాని చుట్టూ మెట్లు మారుస్తూ వచ్చి ఒకచోట ఆగుతారు. (దీన్ని మాత్రం నేను నిస్సంకోచంగా ‘ముక్తాయింపు’ అంటాను. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి.) వాళ్లు ఆగిన చోట, నలుగురి తలల మీదుగా ఎక్కడో ఐదో గొంతు సన్నగా పలికింది. పైకి చూశాను. ఎవరూ లేరు. నాన్న కూడా పైకే చూస్తున్నారు.

ఇక ప్రశ్న. ఇలా వేరువేరు స్వరాలు ఒకేసారి పాడి కలపడాన్ని, అంటే ‘హార్మనీ’ని, తెలుగులో ఏమనాలి? నాన్న వాడిన ‘వంత’ సరిపోతుందా?

నాకున్న ఇబ్బందులు ఇవి. బుర్రకథలో వంత కథకుడు పాడిన మాటనే అందుకుంటుంది, అదే స్వరంలో. ‘తందాన తాన’ అంటుంది. అక్కణ్ణుంచే గదా ‘వాడు తానా అంటే వీడు తందానా’ అనేది పుట్టింది. ‘వంత పాడటం’ అంటే ఇప్పుడు పేపర్లో తిట్టే. పైగా కావ్యాల్లో ‘వంత’ అంటే దుఃఖం! వంతపాటలోని వంతకూ ‘వంతు’కూ చుట్టరికం ఉందని నా ఊహ, ఒకరి తర్వాత ఒకరు అందుకోవడం కాబట్టి. అదే నిజమైతే అసలుకే పనికిరాదు. ఇక్కడ ఎవరి వంతూ రాదు, నలుగురూ ఒక్కసారే.

వ్యాఖ్యలు

సంగీతం టీచరు, విజయనగరం: మీకు వినిపించిన ఐదో గొంతు భ్రమ కాదండి. తంబూరాకు నాలుగు తీగలు. పంచమం, రెండు సారణులు, మంద్రం. చక్కగా శ్రుతి చేసి, గుర్రం మీద తీగ కింద దారప్పోగు సరిగ్గా జరిపితే, మంద్ర షడ్జంలోంచి, అంటే అడుగు ‘సా’లోంచి, అంతర గాంధారం (పై ‘గ’) దానంతటదే పలుకుతుంది. ఎవరూ మీటని స్వరం. దాన్ని మనం స్వయంభూ గాంధారం అంటాం. మీ నలుగురూ నాలుగు తీగలనుకోండి, అంతే సంగతి. వాళ్లకిష్టమైన మేళవింపు సా, అంతర గాంధారం, పంచమం, ఆ పైన మన కైశికి నిషాదం కంటే కాస్త దిగిన నిషాదం. కంపనాల నిష్పత్తి 4:5:6:7. ఆ నిషాదం పియానో మెట్ల మీద దొరకదు, గొంతైతే వెంట్రుకవాసి జరుపుకోగలదు. వాయిద్యం పక్కన పెట్టడం వల్ల వాళ్లకొచ్చే లాభం అదే.

మాట విషయానికొస్తే, పాఠ్యపుస్తకాల్లో ‘స్వరసమ్మేళనం’ అని ఉంటుంది. పరీక్షలో రాయడానికి బాగుంటుంది.

హైదరాబాద్ నుంచి, అనువాదకుడు: ‘క్షౌరశాల చతుష్టయం’ అందాం, పీడా పోతుంది 😀

చిలకలూరిపేట నుంచి: పై మిత్రుడు నవ్వుకోవడానికే అన్నారని తెలుసు, అయినా ఒక మాట. మాది నాయీ బ్రాహ్మణ కుటుంబం. మా తాత పొద్దున కత్తి, సాయంత్రం సన్నాయి. మా వైపు పెళ్లి మేళం అంటే మా వాళ్లే, లేదా షేకుల ఇళ్ల విద్వాంసులే. మంగలి దుకాణానికీ పాటకూ సంబంధమంటే మీకు వింతేమో గానీ, మాకు కాదు. ఇంగ్లండులో కూడా 400 ఏళ్ల కిందట దుకాణం గోడకు సిటర్న్ అనే తంత్రీవాద్యం వేలాడేదట, వంతు వచ్చేదాకా కూర్చున్నవాళ్లు వాయించుకోవడానికి. ఇప్పుడు టీవీ పెడుతున్నాం.

అందుకే నా ఓటు ‘మేళం’కి. కలవడం అనే అర్థం మాటలోనే ఉంది. సన్నాయి, డోలు, శ్రుతి ఊదేవాడు, తాళం వేసేవాడు, చూడండి, నలుగురే! శ్రుతి ఊదేవాడు రాత్రంతా ఒకే స్వరం మీద నిలబడతాడు, మీరు చెప్పిన ముక్తాయింపులో ఉన్నవాడిలాగే.

అట్లాంటా నుంచి: ఆ దుకాణాలు ఎవరివో కూడా చెప్పుకోవాలి. చారల కోటు, తెల్ల ముఖం చూసి ఇది తెల్లవాళ్ల పాట అనుకుంటాం. 19వ శతాబ్దం చివర్లో నల్లజాతి పేటల్లో, దుకాణాల్లో, వీధి మలుపుల్లో కుర్రాళ్లు గొంతు కలిపి పెంచిన పద్ధతి ఇది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ చిన్నప్పుడు న్యూ ఆర్లియన్స్ వీధుల్లో ఇలాంటి నలుగురిలో ఒకడిగా పాడినవాడే. లిన్ ఆబట్ అనే పరిశోధకుడు 1992లో పాత పత్రికలు తవ్వి ఇదంతా రుజువులతో రాశాడు. 1938లో ఓక్లహోమా రాష్ట్రం టల్సాలో ఓ.సి. క్యాష్, రూపర్ట్ హాల్ అనే ఇద్దరు పిలిస్తే 26 మంది ఒక మేడ మీద చేరి పాడారు. అక్కడ మొదలైన సంఘం నల్లవాళ్లనే చేర్చుకోలేదు! 1941లో న్యూయార్క్ పోటీలో గెలిచిన నల్లజాతి రైల్వే కూలీల బృందాన్ని జాతీయ పోటీకి రానివ్వలేదు. ఆ నిషేధం ఎత్తేసింది 1963లో. ఆడవాళ్లు 1945లో టల్సాలోనే తమ సంఘం తాము పెట్టుకున్నారు. పాత సంఘం ఆడవాళ్లకు పూర్తి సభ్యత్వం ఇచ్చింది 2018లో. ‘మేళం’ అనేముందు ఎవరితో ఎవరు కలిశారో కూడా ఉండాలి కదా.

మొదటి పోస్టు రాసినవాడిని: అట్లాంటా మిత్రులకు, ఇది ఆ రాత్రి నాకు తెలీదు. ఆ స్టేజి మీద ఒక్క నల్లజాతి మనిషి లేడన్న సంగతి ఇప్పుడు గుర్తు చేసుకుంటే తెలుస్తోంది. మా పక్కింటాయన్ను తర్వాతెప్పుడో అడిగితే దాచకుండా చెప్పాడు, “మా పెద్దవాళ్లు చేసిన సిగ్గుమాలిన పని” అని.

చిలకలూరిపేట వారికి, ‘మేళం’ నాకూ నచ్చింది. కానీ మేళంలో సన్నాయి ఒక్కటే పాడుతుంది. శ్రుతి కదలదు, డోలుకు స్వరం పని లేదు. ఇక్కడ నలుగురూ కదులుతున్నారు. ఇది నాకు అనుభవంలో తెలిసింది. మా పక్కింటాయన నాకొక ట్యాగ్ నేర్పుతానని గరాజ్‌లో నిలబెట్టాడు. బారిటోన్ నాది. నేర్పినంతసేపూ బాగానే పాడాను. లీడ్ గొంతు పక్కన కలవగానే నా గొంతు జారి అతని స్వరం మీదికే పోయింది. నాలుగుసార్లు పాడాం, నాలుగుసార్లూ అంతే. చిన్నప్పటి నుంచి భజనలో అందరితో పాటు ఒకే స్వరం పట్టుకున్న చెవి. పక్కవాడితో కలవడమంటే వాడి స్వరమే పాడటం అని దానికి నేర్పాం. ఆయన నవ్వి, “చెవి మూసుకోకు, పోట్లాడకు, నీ చోట నువ్వు కూర్చో” అన్నాడు. ఐదోసారి కుదిరింది. మూడు సెకన్లు.

తెనాలి నుంచి, అమ్మమ్మ: ఇంతసేపూ చదువుతున్నాను నాయనా. ఆ నాలుగోవాడి స్వరం విడిగా వింటే ఏమీ కాదు, కలిస్తే మిగతావి పేరుకుంటాయి అంటున్నావు. అది తోడు కదూ? గిన్నెడు పాలలో చెంచాడు మజ్జిగ. చెంచా మజ్జిగ విడిగా ఎవడు తాగుతాడు?

సంగీతం టీచరు, విజయనగరం: అమ్మా, నమస్కారం. ‘తోడుగొంతు’. నా పాఠంలో వాడుకుంటాను.

హైదరాబాద్ నుంచి, అనువాదకుడు: చతుష్టయం వెనక్కి తీసుకుంటున్నాను. చిలకలూరిపేట అన్నగారు మన్నించాలి. ‘తోడుగొంతు’ అంటే బారిటోన్ ఒక్కడేనా, లీడ్ కాని ముగ్గురూనా? ‘హార్మనీ’కి మొత్తంగా ఏమందాం?

మొదటి పోస్టు రాసినవాడిని: ముగ్గురూ తోడుగొంతులే అనుకుందాం. నలుగురూ కలిసి ఆ ఐదో స్వరం పలికే క్షణాన్ని వాళ్లు ‘రింగ్’ అంటారు. దానికి క్రియ కూడా అమ్మమ్మగారి గిన్నెలోనే ఉంది, ‘తోడుకుంది’.

రాత్రి నాన్నకు ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించాను. ఇప్పుడు ఎనభై మూడేళ్లు, వినికిడి తగ్గింది, రెండేసిసార్లు చదవాల్సి వచ్చింది. అంతా విని, “ఆ శ్రుతి బిళ్ల జేబులో పెట్టుకున్నాడే, ఆ బక్కాయన, ఇంకా పాడుతున్నాడా?” అన్నారు. కనుక్కుని చెప్తానన్నాను. రేపు పక్కింటికి వెళ్లాలి.