చారిత్రక నవల రాసే ఆడవాళ్ళకు ప్రేరణ ఎక్కడిది, దానికి హద్దు ఎక్కడ?

మధిర చదువరి:
చారిత్రక నవలలకు ప్రేరణ గురించి రచయిత్రులు చెప్పిన మాటలు ఈ మధ్య వరసగా చదువుతున్నాను. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి మొదటి పుస్తకం 1956లో వచ్చింది, ఝాన్సీ రాణి మీద. దానికోసం ఆమె ఆ ప్రాంతమంతా తిరిగి జనం నోట్లో ఉన్న పాటలు, కథలు ఏరుకున్నారు. ఇంగ్లీషు చారిత్రక నవలా రచయిత్రి హిలరీ మాంటెల్ 2017లో బీబీసీలో ఇచ్చిన రీత్ ప్రసంగాల్లో, తెలిసిన వాస్తవాన్ని కథ కోసం మార్చకూడదనే వైపు గట్టిగా నిలబడ్డారు. మన ఓల్గా గారు 'గమనమే గమ్యం'లో డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ జీవితాన్ని ఆధారంగా తీసుకుని, నాయిక పేరు మార్చి రాశారు. ముగ్గురివీ మూడు దారులు. నా ప్రశ్న ఒకటే. ఆధారం ఆగిపోయిన చోట నుంచి రచయిత్రి ఎంత దూరం వెళ్ళొచ్చు?

చెరువుగట్టు:
నాలుగేళ్ళుగా రుద్రమదేవి కాలం మీద నవల రాస్తున్నాను కాబట్టి నా సంగతి చెప్తాను. నాకు ప్రేరణ రుద్రమ కాదు, ఆమె మేనత్త మైలాంబ. మాది బయ్యారం దగ్గర. చిన్నప్పుడు ఆ చెరువుగట్టు మీదే ఆడుకున్నాం. ఆ చెరువు తవ్వించి శాసనం వేయించింది మైలాంబ అని నాకు ముప్పై ఏళ్ళు దాటాక తెలిసింది. కాకతీయ రాజుల వంశక్రమం చెప్పే ముఖ్యమైన ఆధారాల్లో ఆ బయ్యారం శాసనం ఒకటి. అంటే ఆ రాజులు ఎవరి తర్వాత ఎవరో చెప్పడానికి ఒక ఆడమనిషి చెక్కించిన రాయి కావాల్సి వచ్చింది. ఆ రాయిలో ఆమె సంతోషం లేదు, దుఃఖం లేదు. అవి నేను రాస్తాను. చివరి అధ్యాయంలో రుద్రమ చందుపట్ల దగ్గర, తిరగబడిన సామంతుడు అంబదేవుడి మీద యుద్ధం చేస్తూ పడిపోతుంది. ఆ దృశ్యం రాసిన రోజు అన్నం తినలేకపోయాను.

రాతిమాట:
చందుపట్ల శాసనంలో యుద్ధం లేదు. 1289 నవంబరు 27 నాటిది అది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ళకు పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే భటుడు సోమనాథుడికి భూమి ఇచ్చాడని ఉంటుంది. రాణి, సేనాని ఇద్దరి పేర్లూ కలిసి ఉన్నాయి కాబట్టి యుద్ధంలోనే పోయారని కొందరు చరిత్రకారులు ఊహించారు. బలమైన ఊహే, కాదనను. కానీ ఊహే. అంబదేవుడి పేరు ఆ రాయి మీద లేదు. మాది నకిరేకల్ వైపు. ముప్పై ఒక్క ఏళ్ళు సాంఘికశాస్త్రం చెప్పాను. పిల్లలు సినిమా చూసొచ్చి, నవల చదివొచ్చి నాతో వాదించేవాళ్ళు.

డల్లాస్ తెలుగు:
మార్కోపోలో కూడా రాశాడు కదా ఆమె గొప్పగా పాలించిందని?

రాతిమాట:
రాశాడు. ఆమె రాజుగారి భార్య అనీ, భర్త పోయాక రాజ్యం చేసిందనీ కూడా రాశాడు. ఆమె గణపతిదేవుడి కూతురు. విన్న మాటను విన్నట్టు రాస్తే అలాగే అవుతుంది.

పాతపుస్తకాలు:
ఆమె దర్బారులో మగ దుస్తులు వేసుకునేదా లేదా? ఎవరైనా తేల్చండి.

చెరువుగట్టు:
రాతిమాట గారూ, శాసనంలో ఆమెను 'రుద్రదేవ మహారాజు' అన్నారు. మరి ఆమె మగవాడా? రాయి చెప్పిందే నిజమైతే అదీ నమ్మాలి కదా! ఏం రాయాలో నిర్ణయించేది వేయించినవాడి అవసరం. అక్కడ పూడ్చేసినదాన్ని తవ్వడమే నవల పని.

ఇంకో మాట. అడవి బాపిరాజు గారు రుద్రమ కాలపు గోన గన్నారెడ్డిని గజదొంగగా ఊహించి నవల రాస్తే మనం తరాల తరబడి నెత్తిన పెట్టుకున్నాం. నోరి నరసింహశాస్త్రి గారి నవల 'రుద్రమదేవి'ని పట్టుకుని ఏ శాసనంలో ఉందని నిలదీసినవాళ్ళను నేను చూడలేదు. ఆడది కలం పట్టేసరికి ఎక్కడ లేని శాసనాలన్నీ గుర్తొస్తాయి.

మా ఇంట్లో తాటాకు మీద నుంచి దించుకున్న వంశవృక్షం ఉంది. తొమ్మిది తరాలు. ఒక్క ఆడపేరు లేదు. మా నాయనమ్మ అసలు పేరు ఆమె పోయాక పాత రేషన్ కార్డు చూస్తే తెలిసింది. ఇంట్లో అందరూ ఆమెను 'పెద్దామె' అనే పిలిచారు. ఆధారం ఉన్నంత వరకే రాయమంటే, మా నాయనమ్మ మీద నేను రాయగలిగింది ఒక్క కార్డు నంబరు.

రాతిమాట:
నేను మగవాణ్ణి అనుకుని మాట్లాడుతున్నారు. నేను ఆడదాన్నే. మీరు అడిగినవన్నీ బాపిరాజు గారిని కూడా అడుగుతాను. రుద్రదేవ మహారాజు అన్నది బిరుదు, చందుపట్ల తేదీ సంఘటన. రెండింటినీ కలపకండి. శాసనంలో యుద్ధం లేదు.

మధిర చదువరి:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. నేను అడిగింది ప్రేరణ గురించి.

చెరువుగట్టు:
లేదు లేదు అని మూడుసార్లు అన్నారు, మేడమ్. మీకు నవలలంటేనే పడదని చెప్పేస్తే సరిపోతుంది. శాసనాన్ని అడ్డం పెట్టుకోవడం ఎందుకు?

రాతిమాట:
సరే. చెప్తాను.

మా అమ్మమ్మ సాయుధ పోరాట కాలంలో దళాలకు చీటీలు చేరవేసేది. జొన్నరొట్టెల మూటలో, అడుగు రొట్టె మడతలో పెట్టుకుని పోయేది. కుడి ముంజేతి మీద లాఠీ దెబ్బ మచ్చ ఉండేది, వానపాము పాకినట్టు. చాలా ఏళ్ళ కిందట ఒక రచయిత్రి మా ఇంటికొచ్చారు. మూడు రోజులు కూర్చుని టేపులో రికార్డు చేసుకున్నారు. మా అమ్మే వండి పెట్టింది. రెండేళ్ళకు నవల వచ్చింది. ఊరి పేరు మార్చారు. రొట్టెల మూట అలాగే ఉంది, ముంజేతి మచ్చ అలాగే ఉంది. దళ నాయకుడితో ఒక రహస్య సంబంధం మాత్రం కొత్తగా చేర్చారు. ముందుమాటలో 'ఈ నవలకు ప్రేరణ ఒక పల్లెటూరి తల్లి' అని రాసుకున్నారు.

చుట్టాలందరికీ ఆ మచ్చ తెలుసు. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు మా అమ్మను పక్కకు పిలిచి అడిగేవాళ్ళు, నిజమేనా అని. అమ్మ పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేసింది. ఆ పుస్తకానికి బహుమతి కూడా వచ్చింది. ప్రేరణ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

డల్లాస్ తెలుగు:
చాలా బాధగా ఉంది మేడమ్.

కృష్ణ ఒడ్డు:
1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివారా? ఆ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళు అందులో సొంత గొంతుతో చెప్పుకున్నారు. పార్టీ పుస్తకాల్లో లేని బాధలు, పసిపిల్లల్ని వదిలేసి వెళ్ళాల్సి రావడం కూడా. ఎవరో ఒకరు వెళ్ళి అడిగారు కాబట్టే అవి బయటికి వచ్చాయి. అడగడమే తప్పంటే అదీ ఉండేది కాదు.

రాతిమాట:
చదివాను. అడగడం తప్పని నేను ఎక్కడన్నాను? అందులో మల్లు స్వరాజ్యం గారి మాట మల్లు స్వరాజ్యం గారిదే, చాకలి ఐలమ్మ మాట ఐలమ్మదే. మా అమ్మమ్మ చెప్పని మాటను ఆమె ఒంటి మీద మచ్చకు తగిలించారు. నా గొడవ అది.

చెరువుగట్టు:
మీకు జరిగింది అన్యాయమే. కానీ అది నా తప్పు కాదు. రుద్రమ పోయి ఏడు వందల ఏళ్ళు దాటింది. ఆమె తరఫున పెళ్ళిళ్ళు మానేసేవాళ్ళు ఎవరూ లేరు.

రాతిమాట:
అంటే అడిగేవాళ్ళు లేరు కాబట్టి రాయొచ్చు. మీ నవల్లో పాత్రలన్నీ ఏడు వందల ఏళ్ళ నాటివేనా? బతికున్నవాళ్ళెవరూ లేరా?

పాతపుస్తకాలు:
దుస్తుల సంగతి ఎవరూ చెప్పలేదు.

చెరువుగట్టు:
రెండు రోజులు జవాబు ఇవ్వలేదు. క్షమించండి.

ఉన్నారు. నా నవల్లో కోట వంటశాలలో సోమసాని అనే మనిషి ఉంటుంది. ఆమె మా పెద్దత్త. కూర్చునే తీరు, కట్టెలపొయ్యి ఊదేటప్పుడు కొంగు పళ్ళ మధ్య పట్టుకోవడం, అన్నీ ఆమెవే. ఆమెకు చెప్పలేదు. చదువు రాదు కదా, ఎలా తెలుస్తుందిలే అనుకున్నాను. రాతిమాట గారు అడిగాక ఆ ఆలోచనకే సిగ్గేసింది.

నిన్న ఫోన్ చేశాను. కాకతీయుల కాలం అని చెప్తే, అప్పుడు నేనెక్కడున్నానే అంది. నీలాంటి మనిషిని పెట్టాను పెద్దత్తా, కూలీల ముచ్చట కూడా ఉంది అన్నాను. ఇంట్లో మగవాళ్ళు తినకముందే నాటు కూలీలకు అన్నం పెట్టిందని ఒకసారి పెద్దత్త మామగారు ఆమె మీద చెయ్యి చేసుకున్నాడు. ఫోన్‌లో కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "గదొక్కటి రాయకు బిడ్డా, మీ పెదమామకు తెల్వదు" అంది.

సోమసాని పాత్ర మొత్తం ఆ దెబ్బ మీదే నిలబడింది. 14 పేజీలు. ఇంకా తీయలేదు.

రాతిమాట:
తీసేయండమ్మా. చందుపట్ల యుద్ధం మీ ఇష్టం.