సంతకం లేని బుకారెస్ట్ నగ్నచిత్రం: పల్లాడీ పేరు పెట్టొచ్చా?

రేఖాభిమాని:
వేలానికొచ్చిన బొమ్మ ఇది. నిలబడ్డ స్త్రీ నగ్నచిత్రం, చార్‌కోల్, సుమారు 60×42 సెం.మీ. సంతకం లేదు, వెనక పెన్సిల్‌తో ‘బుకారెస్ట్, 1952’ అని ఉంది. నా ఓటు రొమేనియా చిత్రకారుడు తియోడోర్ పల్లాడీకే. పారిస్‌లో చిత్రకారుడు గుస్తావ్ మొరో దగ్గర, తర్వాత పేరుమోసిన మతీస్‌తో కలిసి నేర్చుకున్నవాడు. ఆ వీపు గీత చూడండి, చెయ్యెత్తకుండా ఒక్క ఊపులో లాగాడు.

బొగ్గుపొడి:
వీపు సరే, తక్కిన ఒళ్ళు చూశారా? గొంతు గుంట నుంచి బరువు మోసే కాలి చీలమండ దాకా సన్నటి నిలువు గీత ఉంది. తూకపు గుండుతో, అంటే దారానికి కట్టి వేలాడదీసే బరువుతో, నిలువు సరిచూసుకున్న గుర్తది. బరువు పడ్డ వైపు తుంటి పైకి, అదే వైపు భుజం కిందికి. రెంటికీ అడ్డగీతలు చెరపకుండా వదిలేశారు. ఎడమ పాదం మాత్రం తప్పింది. ఎక్కువసేపు నిలబడితే మోడల్ బరువు రెండో కాలి మీదికి మార్చుకుంటుంది. ఇతను తుంటి దిద్దాడు, పాదం దిద్దలేదు, అందుకే బొమ్మ పక్కకి పడిపోతున్నట్టుంది. ఇది క్లాసు పని. 1952లో ఎనభై దాటిన పల్లాడీకి తూకపు గుండుతో పనేముంది?

రేఖాభిమాని:
కొలత గీతలు గురువులూ వేస్తారండీ. బుకారెస్ట్‌లో చిత్రకళ నేర్పిన కామిల్ రెస్సు బొమ్మల్లో ఎముకల కట్టడం ఎంత గట్టిగా ఉంటుందో!

బొగ్గుపొడి:
అయితే రెస్సు అనండి, పల్లాడీ అని ఎందుకంటారు?

కాగితంపురుగు:
పేరు తర్వాత, ముందు కాగితం. చీకటి గదిలో 365 నానోమీటర్ల యూవీ లైటు పక్కవాటుగా వెయ్యండి. నీలంగా మెరిస్తే తెల్లదనం పెంచే రసాయనం కలిసినట్టు. అది 1950 ప్రాంతం నుంచే కాగితాల్లోకి విరివిగా వచ్చింది. మెరవకపోతే పాతదని రుజువు కాదు, చవక కాగితంలో అది ఉండకపోవచ్చు. మౌంట్, అంటే బొమ్మ చుట్టూ కిటికీలా కోసి పెట్టే అట్ట, విప్పి కాగితం అంచు కూడా చూడండి. కలపగుజ్జు కాగితమైతే వెలుతురు తగిలిన చోట పచ్చబడి, మౌంట్ కింద కాస్త తెల్లగా ఉండాలి. మౌంట్ కిటికీ అంచు వెంట గోధుమరంగు గీత ఉంటే అది మౌంట్ అట్టలోని ఆమ్లం పని. అంచుల దాకా ఒకే రంగంటే, పాతగా కనిపించాలని టీ డికాక్షన్ పూశారేమోనని అనుమానించాల్సిందే. వెనక రాసిన తేదీ మీద నాకు నమ్మకం తక్కువ, పెన్సిల్ ఎవరి చేతిలోనైనా ఉంటుంది.

రేఖాభిమాని:
పేరు లేకుండా ‘బుకారెస్ట్, సుమారు 1950’ అని పెడితే ఎవరు కొంటారు?

బొగ్గుపొడి:
నేను కొంటాను, విద్యార్థి పని ధరకి. ముందు మౌంట్ విప్పిన ఫొటో అడగండి.