బ్రయన్ బోరు సమాధి అర్మాలోనే ఉందా? ఓబ్రియన్‌లందరూ ఆయన వారసులేనా?

రౌండ్ టవర్ పక్కింటావిడ

డబ్లిన్ పక్కన స్వోర్డ్స్‌లో ఉంటున్నాం, ఆరేళ్లయింది. మా వంటింటి కిటికీలోంచి చూస్తే సెయింట్ కొలంబా చర్చి దగ్గరి పాత రాతి గోపురం కనిపిస్తుంది. గిన్నెలు కడుగుతూ రోజూ చూసేదే, ఏనాడూ పట్టించుకోలేదు. మొన్న మావాడికి బళ్లో బ్రయన్ బోరు మీద ప్రాజెక్టు ఇచ్చారు. 1014లో డబ్లిన్ దగ్గర క్లాంటార్ఫ్ యుద్ధంలో పోయిన ఐర్లండ్ రాజు. చదువుతూ చదువుతూ "అమ్మా, రాజుగారి శవాన్ని ముందు మనూరికే తెచ్చారంట" అన్నాడు. ఆ రోజు నుంచి గోపురం వైపు చూస్తే ఏదోలా ఉంటోంది.

ఆయన సొంతూరు కిల్లలూ, పడమటి దిక్కున షానన్ నది ఒడ్డున. మరి శవాన్ని అక్కడికి కాకుండా ఉత్తరాన ఉన్న అర్మాకి ఎందుకు తీసుకెళ్లారు? సమాధి ఇప్పటికీ ఉందా, వెళ్తే చూపిస్తారా?

ఇంకో సంగతి. మావాడి క్లాసులో ఓబ్రియన్‌లు ఇద్దరు. ఇద్దరూ "మేం రాజుగారి మనవలం" అంటారట, కానీ ఒకరికొకరు ఏమీ కారట! ఇది ఎంతవరకు నిజం?

పాతరాతల పిచ్చి

శవం మీ ఊరికి రావడం నిజమే అండీ. ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్‌స్టర్ మఠాల్లో ఏటికేడు రాసుకున్న చరిత్రలో 1014 కింద స్పష్టంగా ఉంది. అర్మాలో సెయింట్ పాట్రిక్ పీఠాధిపతి మెయిల్ మురె, పెద్ద పెద్ద గురువుల్ని వెంటేసుకుని, పవిత్ర అవశేషాలు మోయించుకుని స్వయంగా స్వోర్డ్స్‌కి వచ్చాడు. రాజు దేహాన్నీ, ఆయన కొడుకు మురో దేహాన్నీ తీసుకెళ్లాడు. వాటితో పాటు రెండు తలకాయలు కూడా. ఒకటి బ్రయన్ అన్న కొడుకు కొనాంగ్‌ది, ఇంకోటి డేషి అనే తెగ రాజు మొత్లాది. ఆ ఇద్దరివీ మొండేలు ఏమయ్యాయో రాసినవాడు చెప్పలేదు. అర్మాలో కొత్త సమాధి తవ్వి పూడ్చారు. రాజుగారి గౌరవార్థం పన్నెండు రాత్రులు మఠం వాళ్లు శవాల దగ్గర జాగారం చేశారు. (పన్నెండు అనగానే మన కర్మకాండ గుర్తొస్తుంది. నాకూ వచ్చింది. సంబంధమేమీ లేదు.)

అర్మాకే ఎందుకంటే, దానికి పునాది తొమ్మిదేళ్ల ముందే పడింది. 1005లో బ్రయన్ అర్మా వెళ్లి బలిపీఠం మీద 20 ఔన్సుల బంగారం పెట్టాడు. ఇప్పటి ఔన్సు లెక్కన సుమారు యాభై తులాలు. ఐర్లండ్ చర్చిలన్నిటికీ అర్మాయే పెద్ద అని ఒప్పుకున్నాడు. ఆయన సమక్షంలోనే అక్కడి పాత గ్రంథంలో లాటిన్‌లో ఒక రాత రాసిపెట్టారు, అందులో బ్రయన్‌ని 'స్కాట్‌ల చక్రవర్తి' అన్నారు. ఆ రోజుల్లో స్కాట్‌లంటే గేలిక్ జనం, అంటే ఐర్లండ్ వాళ్లూ అందులోనే. ఆ పుస్తకం ఇప్పుడు మీ డబ్లిన్‌లోనే, ట్రినిటీ కాలేజీలో ఉంది. ఆయన అర్మాకి పెద్దరికం ఇచ్చాడు, అర్మా ఆయనకి బిరుదు ఇచ్చింది. అంత పెద్ద రాజు తమ మట్టిలో పడుకుంటే పీఠం పరపతి ఇంకా పెరుగుతుంది కదా. మెయిల్ మురె అంతదూరం ఊరికే నడిచి రాలేదు.

కార్క్ బావ

అక్కా, ఇంటిపేరు సంగతి నేను చెప్తా. 'ఓ' అంటే మనవడు, లేదా వంశంవాడు. ఓబ్రియన్ అంటే బ్రయన్ మనవడు, అంతే. మన ఇంటిపేర్లలో ఊరు పేరు దాక్కుని ఉన్నట్టు వీళ్ల ఇంటిపేర్లలో తాత కూర్చుని ఉంటాడు. బ్రయన్ నాన్న పేరు కెన్నేటిగ్. ఆ పేరు మీద నిలిచిందే కెనడీ. వీళ్లు బ్రయన్ అన్న డోన్‌కువాన్ సంతతి.

కొడుకుల కథ అయితే మన సీరియళ్లకి తీసిపోదు. పెద్దకొడుకు మురో, వాడి కొడుకు టర్లో ఇద్దరూ క్లాంటార్ఫ్‌లోనే పోయారు. మిగిలింది టైగ్, డొనో. తల్లులు వేరు. 1023లో డొనో మనుషుల్ని పెట్టి టైగ్‌ని చంపించాడు. టైగ్ కొడుకు పేరు కూడా టర్లోనే. వాడు పెరిగి పెద్దయ్యి 1063లో బాబాయిని గద్దె దింపాడు. డొనో తీర్థయాత్ర పేరుతో రోమ్ వెళ్లి మరుసటేడు అక్కడే పోయాడు. సాంటో స్టెఫానో రొటోండో చర్చిలో ఆయన పేరున ఫలకం ఉంది. తర్వాత రాజ్యం ఏలిన ఓబ్రియన్‌లు హత్యకి గురైన టైగ్ తరఫు వాళ్లే. 1543లో వాళ్లలో ఒక మురో లండన్ దగ్గర ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి లొంగిపోయి, రాజు పదవి వదులుకుని ఎర్ల్ అనే ప్రభు బిరుదు తెచ్చుకున్నాడు. వాళ్ల కోట డ్రోమోలాండ్ ఇప్పుడు హోటల్.

మీవాడి స్నేహితులిద్దరిలో ఎవరు అసలు, ఎవరు నకిలీ అంటే చెప్పలేం. ఓబ్రోయిన్ అనే వేరే వంశం వాళ్లు కూడా ఇంగ్లిషులో కొందరు ఓబ్రియన్ అయిపోయారు. డీఎన్‌ఏలో ఎల్226 అనే గుర్తు బ్రయన్ తెగలో ఎక్కువ, కానీ అది ఆయనకంటే పాతది. అది ఉంటే ఆ తెగవాడు అనొచ్చు, ఆయన మనవడే అని కాదు. పిల్లలతో మాత్రం ఇది చెప్పకండి, కొట్టుకుంటారు.

న్యూరీ దాటాక

నేను బెల్‌ఫాస్ట్‌లో ఉంటా. అర్మా వెళ్లొచ్చా. మొదట తప్పు చర్చికి వెళ్లా, ముందే చెప్తున్నా. ఊళ్లో సెయింట్ పాట్రిక్ పేరుతో రెండు కెథడ్రల్‌లు, ఎదురెదురు గుట్టల మీద. రెండు ఎత్తైన శిఖరాలున్నది కేథలిక్‌లది, పందొమ్మిదో శతాబ్దంలో మొదలుపెట్టి కట్టింది. అక్కడ బ్రయన్ లేడు. మెట్లన్నీ ఎక్కాక తెలిసింది. పొట్టి గోపురం ఉన్న రెండో చర్చి దగ్గరికి వెళ్లాలి.

సమాధి అని ఆశపడి వెళ్లకండి. ఉత్తరపు రెక్క బయటి గోడకి ఒక రాతి పలక ఉంది. చర్చికి ఉత్తరాన ఈ చుట్టుపక్కలే బ్రయన్ దేహాన్ని ఉంచారని ఇంగ్లిషు అక్షరాలు, అడుగున సంవత్సరం రోమన్ అంకెల్లో. కింద గడ్డి, అంతే. చర్చిని ఎన్నోసార్లు కాల్చారు, మళ్లీ కట్టారు. ఇప్పుడు చూసేది చాలావరకు 1830ల్లో బాగుచేసింది. నేను వెళ్లినప్పుడు చినుకులు పడుతున్నాయి, పలక తడిసి నల్లగా ఉంది, అక్షరాలు వేలితో తడుముకుంటూ చదివా.

ముఖ్యమైంది: మీది భారత పాస్‌పోర్టు, చేతిలో ఐరిష్ రెసిడెన్స్ కార్డు మాత్రమే ఉంటే, అర్మా ఉన్న ఉత్తర ఐర్లండ్ యూకేలో భాగం కాబట్టి, ఇక్కడికి రావడానికి యూకే వీసా కావాలి. దారిలో ఎవరూ ఆపకపోవచ్చు, సరిహద్దు అని తెలిసేది స్పీడ్ బోర్డులు మైళ్లలోకి మారడం చూసే. కానీ చట్టం చట్టమే.

రౌండ్ టవర్ పక్కింటావిడ

అందరికీ థాంక్స్. అయ్యో, మా కార్డులు ఐరిష్‌వే, వీసా సంగతి ఎవరూ చెప్పలేదు. సరే, అర్మా తర్వాత చూద్దాం. శనివారం మావాణ్ని తీసుకుని ట్రినిటీ వెళ్తాం, ఆ పుస్తకం బయట పెట్టారేమో కనుక్కోవాలి. ఆ రెండు తలకాయల సంగతి వాడికి చెప్పకుండా ఉండాల్సింది. ప్రాజెక్టు మొదటి పేజీ నిండా అవే బొమ్మలు.