6061 ప్లేట్‌లో ఎం6 కౌంటర్‌సింక్: జీ82 కొట్టాలా, రౌండ్ తిప్పాలా?

విజయవాడ ఆటోనగర్‌లో మూడు యాక్సిస్‌ల వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే నిలువు మిల్లింగ్ యంత్రం), ఫానక్ కంట్రోల్. జాబ్ 12 ఎంఎం 6061 రకం అల్యూమినియం ప్లేట్, ఒక్కోదానికి 40 హోల్స్. 6.6 డ్రిల్, దాని మీద 90 డిగ్రీల కౌంటర్‌సింక్ (స్క్రూ తల దిగేలా హోల్ మూతికి తీసే కోన్), పై డయా 13. సీఎస్‌కే (కోన్ ఆకారపు తల) అలెన్ స్క్రూ తల ప్లేట్ పైకి లేవకూడదు.

ఇప్పుడు నడుస్తున్నది మూడు ఫ్లూట్ల కౌంటర్‌సింక్ టూల్, జీ82 (నేరుగా దిగి అడుగున కాసేపు ఆగే డ్రిల్ సైకిల్; ఆ ఆగడమే డ్వెల్), 600 ఆర్‌పీఎం, పీ200 (డ్వెల్ 200 మిల్లీసెకన్లు). అంటే అడుగున రెండు చుట్లు. కోన్ మీద పలకలు పలకలుగా చాటర్ (టూల్ వణుకు గుర్తులు) వస్తోంది. డ్వెల్ పెంచితే టూల్ కోయడం మాని రుద్దుతోంది, తీసేస్తే ఫీడ్ మెట్టు మిగిలిపోతోంది.

రెండో దారి 10 ఎంఎం ఛాంఫర్ మిల్, 90 డిగ్రీలదే. కొన జడ్ మైనస్ 4.5కి (ప్లేట్ పై మట్టం నుంచి 4.5 ఎంఎం కిందికి) దిగితే పై మట్టంలో టూల్ రేడియస్ 4.5, కాబట్టి సెంటర్ 2 ఎంఎం రేడియస్‌లో తిరగాలి (కొన సూదిగా ఉంటేనే, ఫ్లాట్ ఉంటే దాని సగం కూడా తీసెయ్యాలి). సెంటర్ ఫీడ్ నిమిషానికి 200 ఎంఎం ఇస్తే పై అంచు దగ్గర 650 పడుతుంది, క్యామ్‌లో (టూల్ దారి తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఎక్కువమంది వదిలేసేది ఇదే.

అడిగేది: ఒకేసారి ఫుల్ డెప్త్‌లో ఒక చుట్టు తిప్పాలా, హెలికల్‌గా (స్ప్రింగ్‌లా చుట్లు తిరుగుతూ) దింపి చివర్లో 0.2 ఫినిష్ పాస్ ఇవ్వాలా? దాదాపు 4.5 ఎంఎం అంచు ఒక్కసారిగా కోతలో ఉంటుంది మరి.

ఇంకోటి, ప్లేట్ నడుమ 0.15 ఉబ్బు ఉంది. ఏ పద్ధతిలోనైనా అది డయాలో 0.3 తేడా. ప్రోబ్ (ప్లేట్‌ని తాకి ఎత్తు కొలిచే సెన్సర్) లేకుండా దీన్ని ఎలా సరిచేస్తున్నారు?