సముద్రపు కయాక్ కొనాలి: పొడవుదా, పొట్టిదా?

బరంపురం మాస్టారు:
నమస్కారం. చిలికాలో రంభ వైపు మిత్రుడి కయాక్ మీద తిరగడం బాగా అలవాటైంది. అది పైన కూర్చునే రకం, వెడల్పు, నత్తనడక. ఇప్పుడు నాదంటూ ఒకటి కావాలి. ఎక్కువగా చిలికాలోనే. గాలి నెమ్మదిగా ఉన్న పొద్దుల్లో గోపాల్‌పూర్ నుంచి సముద్రంలోకి కూడా వెళ్లాలని ఉంది. విశాఖలో పాతవి రెండు అమ్మకానికున్నాయి. ఒకటి ఫైబర్‌ది: 17 అడుగులు, 56 సెంటీమీటర్ల వెడల్పు, స్కెగ్ (తోక దగ్గర అడుగున దించి ఎత్తే రెక్క) ఉంది. రెండోది ప్లాస్టిక్‌ది: పధ్నాలుగున్నర అడుగులు, 61 సెంటీమీటర్లు, చుక్కాని ఉంది. నా బరువు 58 కిలోలు. ఫైబర్‌ది వాడినాయన ఆరడుగుల మనిషి, సామాన్లేసుకుని రోజుల తరబడి తిరిగేవాడట. చెప్పినట్టు వినే పడవ ఈ రెండిట్లో ఏది?

ఛత్రపూర్ చిన్నోడు:
పొడవుదే తీసుకోండి మాస్టారూ. పొడవు ఎక్కువైతే వేగం, నిటారుగా పోతుంది. ఇంకేం ఆలోచించక్కర్లేదు.

రంభ గాలి:
తమ్ముడు చెప్పింది వేగం సంగతి. మాస్టారు అడిగింది వేరు.

మాస్టారూ, ముందు మీ బరువు చూడండి. ఆరడుగుల మనిషి, గుడారం, వారానికి సరిపడా నీళ్లు ఎక్కితే ఎంత మునగాలో లెక్కేసి కట్టిన పడవలో 58 కిలోల మనిషి కూర్చుంటే అది నీటి మీద తేలిపోతూ ఉంటుంది. మునగని భాగమంతా గాలికి తెరచాపే. అందుకే పి అండ్ హెచ్ అనే కయాక్ కంపెనీ సీటస్ అనే ఒకే మోడల్‌ని ఎల్‌వి (లోపల చోటు తక్కువ), ఎమ్‌వి (మధ్యరకం), హెచ్‌వి (చోటు ఎక్కువ) అని మూడు సైజుల్లో చేసింది. ఆ ఫైబర్‌ది ఏ సైజో అడిగారా? ఎల్‌వి అయితే ఒక మాట, హెచ్‌వి అయితే ఒక మాట.

రెండోది, పక్క గాలి. కయాక్ ముందుకు పోతున్నప్పుడు ముక్కు నీటిని చీలుస్తూ గట్టిగా కుదురుకుంటుంది, తోక మాత్రం వదులుగా ఉంటుంది. పక్క నుంచి గాలి కొడితే తోకని నెట్టేస్తుంది, ముక్కు గాలి వైపు తిరుగుతుంది. దాదాపు ప్రతి కయాక్‌కీ ఈ గుణం ఉంటుంది, కొంచెం ఉంటే మంచిదే. అతిగా ఉంటేనే నరకం: గంటసేపు ఒక పక్కే తెడ్డు వేసి భుజం పడిపోతుంది. స్కెగ్ పని ఆ తోకని పట్టి ఉంచడమే. గాలికి ఎదురెళ్తుంటే పైకి లాగెయ్యాలి, పక్క గాలికి సగం దించాలి, గాలి వెనక నుంచి వస్తుంటే పూర్తిగా దించాలి.

కాబట్టి రుషికొండలో పొద్దున్నే చూపిస్తానంటే ఒప్పుకోకండి. పొద్దున నీళ్లు అద్దంలా ఉంటే ఏ పడవైనా బుద్ధిమంతురాలే. మధ్యాహ్నం రెండు దాటాక, సముద్రం గాలి లేచాక దింపమనండి. కానీ ఒడ్డుకి దగ్గర్లోనే, లైఫ్ జాకెట్ వేసుకుని, పక్కన తెలిసినవాళ్లని పెట్టుకుని. గాలిని పక్కకి పెట్టుకుని స్కెగ్ ఎత్తి నడపండి. తర్వాత కొద్దికొద్దిగా దించుతూ పోండి. ఒకచోట పడవ తిన్నగా పోవడం మొదలెట్టాలి. స్కెగ్ మొత్తం దించినా ముక్కు గాలి వైపే లాగుతుంటే డబ్బులు జేబులో పెట్టుకుని బరంపురం బండెక్కెయ్యండి. మలుపు కూడా చూడండి. కుడికి తిరగాలంటే పడవని ఎడమకి ఒరిగించి తెడ్డు వెయ్యాలి. 17 అడుగులదైనా ఒరిగిస్తే తిరగాలి. తిరగకపోతే అది మీకు పెద్ద పడవన్నమాట.

ఇదంతా ఖాళీగా చేశాక పది లీటర్ల నీళ్ల డబ్బా వెనక అరలో, సీటుకి దగ్గరగా పెట్టి మళ్లీ నడపండి. తోక కుదురుకోవాలి. అదే డబ్బా ముందు అరలో పెడితే ముక్కు ఇంకా గాలికి లాగుతుంది, తేడా చేతికే తెలుస్తుంది.

వెడల్పు చూసి మోసపోవద్దు. బల్లపరుపు అడుగు నిలకడ నీళ్లలో మంచంలా ఉంటుంది, అల వస్తే అలతో పాటే వాలిపోతుంది. కాస్త గుండ్రటి అడుగు మొదట వణికిస్తుంది, అలల్లో నిటారుగా నిలబడుతుంది. చిలికా లోతు తక్కువ కదా, గాలి లేస్తే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అక్కడ తెలుస్తుంది దీని విలువ.

బరంపురం మాస్టారు:
చాలా థాంక్సండి. ఫోన్ చేసి అడిగాను, ఫైబర్‌ది హెచ్‌వీనే. అయితే చుక్కాని ఉన్నది తీసుకుంటే ఈ గాలి గోలే ఉండదు కదా?

రంభ గాలి:
హెచ్‌వీ అయితే నా ఓటు దానికి లేదు. ఎంత తగ్గించి ఇచ్చినా సరే.

చుక్కాని హాయిగానే ఉంటుంది. కానీ వెనక నుంచి అల ఎత్తినప్పుడు గాల్లోకి లేస్తుంది, సరిగ్గా కావలసినప్పుడే పనికిరాదు. చిలికాలో ఘేరీల (రొయ్యల కోసం కట్టే దడుల) వలలకి, నాచుకి తగులుకుంటుంది కూడా. దాన్ని కాళ్లతో తిప్పే పాత రకం పెడల్స్ ముందుకీ వెనక్కీ జారుతుంటాయి, కాలు తన్ని పట్టు తీసుకోవడానికి ఆధారం ఉండదు. ప్లాస్టిక్‌దాన్ని చుక్కాని ఎత్తేసి కూడా నడిపి చూడండి. అప్పుడూ మాట వింటే తీసుకోవచ్చు. తొడలు పైభాగానికి ఆనకపోతే చెప్పులు చేసేవాళ్ల దగ్గర దొరికే ఫోమ్ షీటు కోసి అతికించండి. ఒళ్లు పడవకి అంటుకుని లేకపోతే ఎంత మంచి పడవైనా ఒరగదు.

గోపాల్‌పూర్ తెప్ప:
గాలి గురించి అన్న బాగా చెప్పారు. నేను ఒడ్డు గురించి చెప్తాను. మా నాన్న తెప్ప మీద వేటకెళ్లిన మనిషి. తెప్పలోకి వచ్చిన నీళ్లు దుంగల సందుల్లోంచి దిగిపోతాయి. మీ కయాక్‌లో కూర్చునే గుంటలోకి వస్తే అక్కడే ఉంటాయి. గోపాల్‌పూర్‌లో కెరటం ఒడ్డు మీదే విరుగుతుంది మాస్టారూ, నీళ్లతో నిండిన పడవ కాళ్ల మీద పడితే ఎముకే. దిగాక ఎప్పుడూ సముద్రం వైపే నిలబడండి, పడవకీ ఒడ్డుకీ మధ్యలో కాదు. గుంటకి కప్పే స్కర్ట్ దాని పట్టీ లాగితే ఊడొచ్చేలా ఉందో లేదో, ముందూ వెనకా అరల్లోకి నీళ్లు రాకుండా ఉన్నాయో లేదో కొనేముందే చూసుకోండి. ఈ ఇసకకి ప్లాస్టిక్‌దే మేలు, గీతలు పడితే పడతాయి. చలికాలం తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రంలోకి తోస్తుంది. ఒడ్డున నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి, వెనక్కి రావడమే కష్టం. తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో రుషికుల్య మొగ దగ్గరికి పోవద్దు.

ఛత్రపూర్ చిన్నోడు:
మరి స్కెగ్ ఉన్న ప్లాస్టిక్‌ది దొరికితే? మా ఇసకలో ఇరుక్కోదా?

రంభ గాలి:
ఇరుక్కుంటుంది. ఒడ్డున ఈడ్చినప్పుడు గులకరాళ్లు స్కెగ్ దాగే పెట్టెలో దూరతాయి, దింపుదామంటే రాదు. స్కెగ్ చివర చిన్న బెజ్జం వేసి జానెడు నైలాన్ తాడు ముడేసి వదలండి. పక్క పడవలోంచి ఎవరైనా లాగితే వచ్చేస్తుంది. మాస్టారూ, ఒంటరిగా వెళ్లొద్దని మళ్లీ చెప్పాలా?